ఐదు దగ్గర స్థిరంగా ఉంది

జూన్ 1, ఆదివారం

కంప్యూటర్ ఐదు గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడింది. కంపెనీవాడు ఈ ప్రాసెసర్‌కి పెట్టిన వేగం నాలుగు పాయింట్ రెండు. మిగతాదంతా నా చేతి చలవ. మూడు ఆదివారాలు వర్క్‌షాపులో ఒక్కడినే కూర్చుని వేగం ఒక మెట్టు, వోల్టేజీ ఒక పిసరు చొప్పున పెంచుకుంటూ వచ్చాను.

అక్క మధ్యాహ్నం తాళాల కోసం వచ్చి, తెర మీద పరుగెడుతున్న అంకెలు చూసింది.

"ఏంట్రా ఇది?"

"పరీక్ష. జవాబు ముందే తెలిసిన లెక్కలు దీనిచేత ఆపకుండా చేయిస్తున్నా. ఇంత వేగంలోనూ తప్పు చేయకపోతే పాసైనట్టు."

"చేస్తే?"

"ఆగిపోతుంది."

"మనుషులకీ ఇలాంటిదొకటి ఉంటే బాగుండు," అని నవ్వి వెళ్ళిపోయింది.

ఏడో గంటలో ఒకే ఒక్క తప్పు చూపించి ఆగింది. సరిగ్గా అప్పుడే ట్యూబ్‌లైటు మినుకుమన్నట్టు అనిపించింది. కరెంటు పనే. మళ్ళీ మొదలుపెట్టి ఇంకో రెండు గంటలు చూశాను, నిక్షేపంగా నడిచింది. మొత్తం తొమ్మిది గంటలు పాసైనట్టే.

ఇంకో బరువైన పరీక్ష ఉంది. అది చిప్పును పెనం మీద పెట్టినట్టు కాలుస్తుంది. పదకొండు నిమిషాలు చూసి ఆపేశాను. మేం వాడే సాఫ్ట్‌వేర్ జన్మలో అంత పని పెట్టదు. ఇలా వేగం పెంచేవాళ్ళ ఇంటర్నెట్ ఫోరంలో అందరూ ఇదే మాటంటారు. నా స్క్రీన్‌షాట్‌కి గంటలో ఇరవై ఆరుమంది భేష్ అన్నారు.

ఇదంతా పేషెంట్ల కోసమే. కృత్రిమ కాలు కోసం ఎదురుచూసేవాళ్ళకి ఒక్కో రోజు ఒక్కో ఏడు.

జూన్ 3, మంగళవారం

పని చకచకా సాగుతోంది. బావ ముఖమే ముటముటలాడుతోంది.

ఆయన బాధ నాకు తెలుసు. పద్నాలుగేళ్ళు మా వర్క్‌షాపులో కృత్రిమ కాళ్ళన్నీ ఆయన చేతుల మీదుగానే వెళ్ళాయి. పేషెంటు కాలికి ప్లాస్టర్ పట్టీ చుట్టి, అచ్చు తీసి, గంటల తరబడి రుద్ది, బొటనవేలితో తడిమి చూసి, మళ్ళీ రుద్ది. ఇప్పుడు కాలి కొలతలు నేను స్కానర్‌తో తీస్తాను. ఆకారం తెర మీద సరిచేస్తాను. దాన్ని ఏ వంపులో ఎంత లోతు చెక్కాలో కంప్యూటరే లెక్కగట్టి పక్కగదిలోని మిషన్‌కి పంపుతుంది. మిషన్ పసుపుపచ్చ ఫోమ్ దిమ్మను అచ్చుగా చెక్కేస్తుంది. బావకి మిగిలింది ఆ అచ్చు మీద వేడి ప్లాస్టిక్ షీటు లాగడం, చల్లారాక లోపలి అచ్చును పగలగొట్టి పారేయడం. మిగిలే గట్టి తొడుగే సాకెట్. పేషెంటు తెగిన కాలు అందులోనే కూర్చుంటుంది.

అక్క మొగుడు కాబట్టి ఏమీ అనలేను. కానీ ఓ కన్నేసి ఉంచాలి.

జూన్ 5, గురువారం

భోజనం చేసి వచ్చేసరికి బావ కంప్యూటర్ గదిలో ఉన్నాడు.

"ఏం కావాలి బావా?"

"ఏం లేదు. ఈ అచ్చు నువ్వు ఎప్పుడు పంపావో చూద్దామని."

"పొద్దున. ఎందుకు?"

"ఊరికే."

చేతిలో అచ్చు. నేను చూడగానే దాన్ని అటు తిప్పుకున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు ఆ మౌనం ఏమిటి? ఊరికే అడిగేవాడు ఊరికే పోతాడు, అచ్చు దాచుకుని పోడు.

జూన్ 6, శుక్రవారం

కొత్త పేషెంటు. బస్సు కండక్టరమ్మ. షుగరు వల్ల ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. నలభై అయిదేళ్ళుంటాయి, నవ్వు మాత్రం వర్క్‌షాపు చివరిదాకా వినిపిస్తుంది. ఆగస్టు ఒకటిలోగా నిలబడి చూపిస్తేనే మళ్ళీ బస్సు ఎక్కనిస్తారట. లేకపోతే డిపోలో కుర్చీ.

"కూర్చోవడం నా వల్ల కాదు తమ్ముడూ. ఇరవై రెండేళ్ళు నిలబడే బతికా."

అక్క ఆవిడ కాగితాలు చదివి నన్ను పక్కకి పిలిచింది. కోసేయగా మిగిలిన భాగానికి స్పర్శ తక్కువ, ఒరుసుకుంటే తెలియదు. ఇంకొక్క పుండు పడిందా, మోకాలు కూడా దక్కదని డాక్టరు రాశాడు. "జాగ్రత్తరా," అంది. నాకా చెప్పేది? మిల్లీమీటరులో పదోవంతు చూసే స్కానరు నాది. చెప్పాల్సింది పక్కగదిలో ఉన్నాయనకి.

జూన్ 9, సోమవారం

కీబోర్డు మీద తెల్లటి పొడి. స్పేస్ బార్ మీద బొటనవేలి ముద్ర. ఈ వర్క్‌షాపులో చేతులకు పొడి అంటుకునేది ఒక్కరికే.

కంప్యూటరేమీ పాడవలేదు. సెట్టింగులన్నీ చూశాను. ఐదు. స్థిరంగా ఉంది.

జూన్ 10, మంగళవారం

పాస్‌వర్డ్ మార్చాను.

జూన్ 13, శుక్రవారం

ఈరోజు చేసిన పని ఎవరికైనా చెబితే నవ్వుతారు. బావ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన సమయం చూసి, వెనకనున్న చెత్తడబ్బాను నేల మీద కుమ్మరించాను. పగిలిన అచ్చుల ముక్కలన్నీ ఏరి, ఒక్కో కాలు అతికించి చూశాను.

నా అనుమానం నిజమైంది. పసుపు ఫోమ్ మీద అక్కడక్కడ తెల్లటి మచ్చలు, బిళ్ళంత బిళ్ళంత. ప్లాస్టర్. ఐదు కాళ్ళలో మూడింటికి ఉన్నాయి. అంటే నేను లెక్క ప్రకారం పంపిన అచ్చు మీద ఆయన ప్లాస్టర్ మెత్తి, నున్నగా రుద్ది, ఆకారం మార్చి, ఏమీ ఎరగనట్టు దాని మీదే షీటు లాగుతున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతున్నట్టు.

ఎందుకు చేస్తున్నాడో చెప్పక్కర్లేదు. నాలుగు కాళ్ళు సరిపోలేదని తిరిగొస్తే చాలు, "కంప్యూటర్ వల్ల కాదు, పాత పద్ధతే నయం" అనొచ్చు. తిరిగి రావడం లేదేమిటన్నదే అర్థం కాలేదు. వస్తాయి, ఇంకా మొదలేగా.

ముక్కలు సంచిలో వేసి బీరువాలో పెట్టాను.

జూన్ 16, సోమవారం

సంచి తెచ్చి అక్క బల్ల మీద బోర్లించాను. బావను పిలిచాం.

బావ ముక్కల్ని చూసి సిగ్గుపడలేదు, కోప్పడలేదు.

"పల్లాలు పడుతున్నాయి. పూడుస్తున్నా," అన్నాడు.

"పల్లాలా? ఫైల్లో లేవే."

"ఫైలు సంగతి నాకు తెలీదు. అచ్చు మీద ఉన్నాయి. ఒకదానికి ఉంటుంది, ఒకదానికి ఉండదు. పల్లం ఉన్నచోట సాకెట్ లోపలికి పొడుచుకొస్తుంది. అది ఎముక మీద పడితే పేషెంటు పనైపోయినట్టే."

"అయితే నీ చెక్కే మిషన్‌దే తప్పు."

"మిషన్ విప్పి చూశా. బాగానే ఉంది. అది చెప్పింది చెక్కుతుందయ్యా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

బావ నావైపు తిరిగాడు. "చెబితే నువ్వు వినే మనిషివా?"

చూడండి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నేను స్క్రీన్ అక్కవైపు తిప్పి కాలి ఆకారాన్ని నాలుగు పక్కలా చూపించాను. నున్నగా ఉంది. గాజులా ఉంది. ఎక్కడా పల్లం లేదు. "మిల్లీమీటరుతో కొలిచి పంపుతుంటే దాని మీద ఈయన బొటనవేలి తీర్పేమిటక్కా?" అన్నాను. గొంతు కొంచెం పెరిగింది.

అక్క ఒక ముక్క తీసి తెల్ల మచ్చను గోటితో గీకి చూసింది. చివరికి, "ఇక నుంచి అచ్చు మీద ఎవరూ చెయ్యి పెట్టొద్దు. వచ్చింది వచ్చినట్టు షీటు లాగండి. తేడా ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది," అంది.

"సరే," అన్నాడు బావ. అంతే.

గెలిచినందుకు సంతోషంగా ఉంది. గురివింద తన నలుపెరగదని ఊరికే అన్నారా.

జూన్ 18, బుధవారం

కండక్టరమ్మ అచ్చు చెక్కడం అయింది. బావ తెల్ల మచ్చ లేకుండానే షీటు లాగాడు. నేను తలుపు దగ్గరే నిలబడి చూశాను.

జూన్ 20, శుక్రవారం

కండక్టరమ్మ నడిచింది. రెండు కడ్డీల మధ్య మొదలుపెట్టి, మూడోసారికి కడ్డీలు వదిలేసి వరండా చివరిదాకా. "జరగండి జరగండి, ముందుకు జరగండి" అని తనకు తనే చెప్పుకుంటూ. అక్క కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, రాయడానికి సిగ్గెందుకు. ఈ కాలు పూర్తిగా నాది. మధ్యలో ఎవరి చెయ్యీ పడలేదు.

బావ వచ్చి చూడలేదు. ఓర్వలేకపోవడం అంటే ఇదే.

జూలై 1, మంగళవారం

కండక్టరమ్మను ఆసుపత్రిలో చేర్చారు.

పదిరోజులూ రోజుకి నాలుగు గంటలు నడిచిందట, డ్యూటీకి అలవాటు కావాలని. నొప్పి తెలియలేదు. నిన్న మేజోడు తీస్తే రక్తం. కాలి ముందుభాగంలో, సరిగ్గా ఎముక మీద, రూపాయి బిళ్ళంత పుండు. లోతుగా ఉందని డాక్టరు ఫోన్ చేశాడు. అక్క సాకెట్ తెప్పించి లోపల వేలు పెట్టి చూసింది. నన్నూ పెట్టమంది. ఒక గట్టి ఉబ్బు తగిలింది.

ఫైల్లో అది లేదు. ఇరవైసార్లు చూశాను. లేదు.

జూలై 2, బుధవారం

ఆయనే చేశాడు. కక్ష. నేను తలుపు దగ్గర లేనప్పుడు చెక్కేసి ఉంటాడు.

అక్కతో అన్నాను. "బావ కావాలనే చేశాడు."

అక్క బల్ల మీదున్న కొలతల టేపును మెల్లగా చుట్టి పక్కన పెట్టింది. "ఇంకోసారి అన్నావంటే నువ్వు నా తమ్ముడివి కావు," అంది.

బావ పనికి రావడం లేదు. తప్పు చేయనివాడు ఇంట్లో ఎందుకు కూర్చుంటాడు?

జూలై 6, ఆదివారం

అక్కను తీసుకొచ్చి కూర్చోబెట్టాను. కండక్టరమ్మ ఫైలే మళ్ళీ పంపి, ఆమె కళ్ళ ముందే చెక్కించాను.

అచ్చు నున్నగా వచ్చింది. ఎముక దగ్గర పల్లం లేదు. "చూశావా?" అన్నాను. అక్క ముఖం పాలిపోయింది. తన భర్త ఒక ఆడమనిషి కాలు కావాలని పాడుచేశాడని ఆ క్షణం ఆమె నమ్మింది. నేను నమ్మించాను.

అచ్చు పక్కన పెట్టి, "ఇంకోటి చెక్కించు," అంది.

రెండోది కూడా నున్నగానే వచ్చింది.

"ఇంకోటి."

"ఎందుకక్కా, ఫోమ్ దండగ."

"చెక్కించరా."

మూడోది మిషన్‌లోంచి నేనే తీశాను. పిక్క వెనక, అరచేయి ఆనించగానే తగిలింది. బొటనవేలు దిగేంత పల్లం. అదే ఫైలు, అదే మిషన్. బావ ఐదు రోజులుగా ఈ గడప తొక్కలేదు.

అక్క నా ముఖంలోకి చూసింది. "మిషన్‌లో ఏదో లూజై ఉంటుంది," అన్నాను.

జూలై 7, సోమవారం

అక్క ఆసుపత్రికి వెళ్ళిన సమయంలో ప్రాసెసర్‌ను నాలుగు పాయింట్ రెండుకు దించాను. ఊరికే, చూద్దామని. అదే ఫైలు ఆరుసార్లు చెక్కించాను. ఆరూ అచ్చుగుద్దినట్టు ఒకలాగే వచ్చాయి. మళ్ళీ ఐదుకు పెంచాను. నాలుగోదానికి పల్లం పడింది, ఈసారి పక్కన.

ఆకారం సరిగ్గానే ఉంది. చెక్కే లోతులు లెక్కగట్టేటప్పుడు తప్పుతోంది. అందుకే తెర మీద కనిపించలేదు. కంప్యూటర్ ఆగిపోదు, పొగ రాదు, ఎర్ర అక్షరాలు రావు. దర్జాగా తప్పు జవాబు ఇచ్చి ముందుకు పోతుంది.

ఒకటి రాయాలి. జూన్ ఒకటిన బరువైన పరీక్షను పదకొండు నిమిషాలకు ఆపేశానని రాశాను. నేను ఆపలేదు. అదే ఆగిపోయింది. నాకు నేను రాసుకునే పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. ఇది చదివేవాడెవడు, నేను తప్ప? ఎవడిని నమ్మిద్దామని?

నాలుగు పాయింట్ రెండుకు దించి అలాగే వదిలేశాను.

జూలై 9, బుధవారం

చెప్పేద్దామని బావ దగ్గరికి వెళ్ళాను. వరండాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆయనే మొదలుపెట్టాడు.

"నిన్న ఆసుపత్రికి వెళ్ళి ఆ కండక్టరమ్మకి చెప్పి వచ్చా. డాక్టరుకీ చెప్పా. తప్పు నాదేనని."

"నీదెలా అవుతుంది బావా?"

"పల్లం నా బొటనవేలికి తగిలింది. ఆ రోజు నువ్వు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నావే, అప్పుడే. సరిగ్గా ఎముక మీద. ఆవిడకి స్పర్శ లేదనీ తెలుసు. కాస్త ప్లాస్టర్ పెడితే పోయేది. ముట్టుకోవద్దన్నారుగా, అనుభవించనీ అనుకున్నా." ఆయన తన చేతులవైపు చూసుకున్నాడు. "అనుభవించాల్సింది నువ్వనుకున్నానయ్యా. ఆవిడ సంగతి మర్చిపోయా. పంతం అంత పాడుది."

ఇప్పుడు చెప్పాలి. ఇంతకన్నా సమయం రాదు. నాలుక మీదిదాకా వచ్చింది.

"బాధపడకు బావా," అన్నాను. టీ తాగి వచ్చేశాను.

జూలై 10, గురువారం

అక్క అడిగింది, మూడో అచ్చుకి పల్లం ఎందుకు పడిందని. మిషన్‌లో స్క్రూ వదులైంది, బిగించానన్నాను.

జూలై 12, శనివారం

ఎవరూ నన్నేమీ అడగడం లేదు. అందరికీ సమాధానం దొరికింది. పని మామూలుగా సాగుతోంది, పల్లాలు లేవు. ఇంక చెప్పి మాత్రం ఎవరికి ఏం లాభం?

అక్క నన్ను గమనిస్తోందేమో. భోజనం దగ్గర రెండుసార్లు చూసింది.

జూలై 14, సోమవారం

ఆపరేషన్ అయింది. మోకాలి పైకి తీసేశారు.

జూలై 15, మంగళవారం

బావ పనిముట్లన్నీ తుడిచి పెట్టెలో సర్దాడట. ఇక ఈ చేతులతో మనిషి కాలు ముట్టనని అక్కతో అన్నాడట. అక్క ఈ మాట చెబుతూ ఏడవలేదు. దుకాణం ఎన్నింటికి మూసేస్తామో చెప్పినట్టు మామూలుగా చెప్పింది. నేను భోజనం చేయలేకపోయాను.

తప్పుడు లెక్క వేసింది నా కంప్యూటర్. తప్పు చేసిందని అది చెప్పినా వినకపోయింది నేను. తప్పు పట్టుకున్న ఒక్క వేలినీ పక్కకి లాగేయించిందీ నేనే. ఆయన చేసింది ఒక్కరోజు పంతం. నాది నెలరోజులు.

జూలై 17, గురువారం

చెప్పాను.

ముందు అక్కకి. ఈ పుస్తకంలో మొదటి పేజీ తీసి చేతికిచ్చాను, తర్వాత జూలై ఏడు. చదివి పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఆయనకి చెప్పావా?"

"లేదు."

"ముందు ఆవిడకి చెప్పు. ఆయన దగ్గరికి తర్వాత ఇద్దరం వెళ్దాం."

వార్డులో ఆరు మంచాలు. కండక్టరమ్మది గోడ వైపు. దుప్పటి ఒకవైపు ఎత్తుగా ఉంది, రెండోవైపు సగం నుంచి పరుపుకు అతుక్కుపోయి ఉంది. కమలాపండు ఒలుస్తోంది. నన్ను చూసి కూర్చోమని కుర్చీ చూపించింది.

"మీ బావ వచ్చి అంతా చెప్పాడు తమ్ముడూ. మళ్ళీ నువ్వెందుకు శ్రమపడి వచ్చావు?"

"బావ చెప్పింది చివరి ముక్క. మొదలంతా నాది."

కూర్చోకుండానే చెప్పాను. కూర్చుంటే తిన్నగా చెప్పలేనని తెలుసు. "ఆ కంప్యూటర్‌కి ఉండాల్సిన వేగం కన్నా ఎక్కువ పెట్టాను. పరీక్షలో రెండుసార్లు తప్పింది. తెలిసే వాడాను. అది లెక్క తప్పి మీ ఎముక దగ్గర లోతుగా చెక్కించింది. బావ ఇలాంటివి రెండు వారాలు పూడుస్తూ వచ్చాడు. ఆయన్ని ఆపించింది నేనే. మీ అచ్చు చెక్కడానికి సరిగ్గా రెండు రోజుల ముందు."

ఆవిడ చేతిలో పండు అలాగే ఉంది. పక్కమంచం ముసలావిడ ఇటు తిరిగింది.

"అంత స్పీడు ఎందుకు పెట్టావు?"

"పని త్వరగా అవుతుందని."

"ఎంత త్వరగా?"

ఆ అంకె నాకు మొదటిరోజే తెలుసు. లెక్కగట్టి చూసుకున్నాను. ఇక్కడ రాయలేదు, చిన్నగా కనిపిస్తుందని.

"కాలికి నాలుగు నిమిషాలు."

ఆవిడ నన్ను చూడలేదు. దుప్పటి వైపు చూసింది. ఒక నర్సు వచ్చి, సీసా మార్చి, వెళ్ళిపోయింది. నేను నిలబడే ఉన్నాను. వెళ్ళమంటుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, పక్కమంచాల వాళ్ళు వినేలా కేకలేస్తుందనుకున్నాను. అన్నిటికీ సిద్ధపడే వెళ్ళాను.

"మోకాలితో సహా చేయడం మీ దగ్గర ఎవరికొచ్చు?" అంది చివరికి.

"బావకి. చేత్తో చేస్తాడు. ఇప్పుడు మానేస్తానంటున్నాడు."

"మానొద్దని చెప్పు. నేను చేయమన్నానని చెప్పు. నెమ్మదిగా, ఎన్ని రోజులైనా పట్టనీ." పండులోంచి ఒక తొన తీసి నోట్లో పెట్టుకుంది. "నాకిప్పుడు ఎక్కాల్సిన బస్సేం లేదుగా తమ్ముడూ."

సరేనన్నాను.